ఖాళీ కుర్చీలో మన వాటా ఎక్కడ?

(మండల సభలో ఒక బడిపంతులు చేసిన ప్రసంగం)

 

సర్కారు నౌకర్లు ఎక్కువైపోయారు, కూర్చుని తింటున్నారు, తగ్గించాలి అనే మాట ఈనాటిది కాదు. పదేళ్లలో సిబ్బందిని 30 శాతం తగ్గించమని 1997లోనే ఐదో కేంద్ర వేతన సంఘం చెప్పింది. నేనూ సర్కారు జీతగాణ్ణే. పంతులు తన జీతం కోసం మాట్లాడుతున్నాడని మీరనుకోవచ్చు. అనుకోండి, కానీ లెక్క వినండి.

2021 మార్చి 1 నాటికి కేంద్ర ప్రభుత్వంలో మంజూరైన పోస్టులు 40 లక్షల పైచిలుకు. అందులో ఖాళీలు 9 లక్షల 79 వేలు. పార్లమెంటులో ప్రభుత్వమే చెప్పిన లెక్క ఇది. తెలంగాణలో 2021లో బయటికొచ్చిన పి.ఆర్.సి. నివేదిక చూస్తే 4 లక్షల 91 వేల పోస్టుల్లో 1 లక్షా 91 వేలు ఖాళీ. అంటే పది కుర్చీల్లో నాలుగు ఖాళీ. మరి ఎక్కువైపోయిన మనుషులు ఎక్కడున్నారయ్యా?

ఆ ఖాళీ ఎవరికి తగులుతుంది? ఉన్నోడికి కాన్వెంటు ఉంది, కార్పొరేట్ ఆసుపత్రి ఉంది. బళ్లో పంతులు లేకపోతే చదువు ఆగేది మన పిల్లకి. ఏ.ఎన్.ఎం. రాకపోతే సూది అందనిది మన బాలింతకి. అట్రాసిటీ కేసు దర్యాప్తు డి.ఎస్.పి. స్థాయికి తగ్గని అధికారి చెయ్యాలని రూల్సు చెబుతున్నాయి. చేసే మనిషే లేకపోతే ఆ చట్టం కాగితమే.

ఇక ఉద్యోగం సంగతి. రాజ్యాంగం 16(4) అధికరణం మనకు వాటా ఇచ్చింది సర్కారు కొలువులో. కంపెనీ కొలువులో కాదు. 2022 జనవరిలో ఎయిర్ ఇండియాను టాటాలకు అప్పజెప్పారు. ఆ రోజుతో అక్కడ కొత్త నియామకాల్లో రిజర్వేషన్ పోయింది. రిజర్వేషన్ రద్దు అని ఎవడూ అనలేదు, అనక్కర్లేదు కూడా. మున్సిపాలిటీలో పర్మినెంటు సఫాయి కార్మికుడు రిటైరైతే ఆ చోటికి ఏజెన్సీ మనిషి వస్తున్నాడు. చీపురు అదే, చెయ్యి మనదే. పింఛనూ భరోసా మాత్రం మాయం.

వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఎవరి వాటా వాళ్లకు రావాల్సిందే. కానీ పంచుకోవాలంటే కుండలో అన్నం ఉండాలి గదా! కుండ ఖాళీ చేసేవాణ్ణి వదిలేసి మాల, మాదిగ గిన్నెలు పట్టుకుని కొట్టుకుంటే నవ్వేదెవరు?

ఆఫీసుల్లో లంచం లేదా? ఉంది. కులం సర్టిఫికెట్‌కి తిప్పే గుమాస్తా, బడికి రాని పంతులు ఉన్నారు. వాళ్లను నేను వెనకేసుకు రాను. పోస్టు తీసేయడం ఎప్పుడూ తప్పేననీ అనను. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వంశపారంపర్య కరణం, మునసబు ఉద్యోగాలు రద్దు చేసింది. ఊరి భూమి లెక్కంతా ఒక ఇంటి చేతిలో ఉండే పెత్తనం దెబ్బతింది. మంచిదే. అయితే అక్కడ కొట్టింది పెత్తనాన్ని. ఇప్పుడు కొడుతున్నది సేవని. పనిచెయ్యనోణ్ణి పనిచేయించాలి, లంచగొండిని పట్టించాలి. అంతేగానీ ఎలుకలున్నాయని ఇల్లు తగలబెడతామా?

అందుకే మూడు పనులు చేద్దాం. ఒకటి, మండలంలో బడి, ఆసుపత్రి, ఆఫీసు ఒక్కోదానికి మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని అని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. రెండు, రోస్టర్ రిజిస్టర్ కాపీ అడగండి. ఎస్.సి., ఎస్.టి. బ్యాక్‌లాగ్ ఎక్కడ దాక్కుందో అందులో తెలుస్తుంది. మూడు, ఆ లెక్క గ్రామసభలో పదిమంది ముందు చదవండి. ఓటుకొచ్చిన నాయకుడి చేతిలో అదే కాగితం పెట్టండి.

ఖాళీ కుర్చీ దానంతటదే ఖాళీగా ఉండదు, ఎవరో ఖాళీగా ఉంచుతారు. ఎవరో అడుగుదాం రండి.

జై భీం!