తాళం వేసిన గది: పెరో కథ నుంచి 'రెబెకా' దాకా

షార్ల్ పెరో 1697లో పారిస్‌లో వెలువరించిన ఎనిమిది కథల సంపుటిలో సిండరెల్లా, ఎర్రటోపీ పిల్ల సరసనే 'నీలిగడ్డం' కూడా ఉంది. ఈ కథలో భయపెట్టేది తోడేలూ కాదు, రాక్షసీ కాదు, కట్టుకున్న మొగుడు. ఊరికి వెళ్తూ అతను కొత్త పెళ్ళాం చేతికి తాళంచెవుల గుత్తి ఇస్తాడు. ఇల్లంతా తిరగమంటాడు, నడవ చివరి చిన్నగది మాత్రం తెరవొద్దంటాడు. ఆమె తెరుస్తుంది. నేల మీద గడ్డకట్టిన నెత్తురు, గోడ వెంట మునుపటి భార్యల శవాలు. చేజారి పడ్డ తాళంచెవికి నెత్తురు అంటుకుంటుంది. ఇసుక వేసి తోమినా మరక ఒకవైపు పోయి రెండోవైపు తేలుతుంది. చివరికి అన్నదమ్ములు వచ్చి ఆమెను కాపాడతారు. కథ కింద పెరో జోడించిన నీతి పద్యాల్లో మొదటిది తప్పును ఆడవాళ్ళ కుతూహలం మీదకు నెడుతుంది. ఇన్ని హత్యలు చేసినవాణ్ణి పక్కనపెట్టి తలుపు తీసినదాన్ని మందలించడం అన్యాయం.

మూడు దిక్కులకు వెళ్ళు, నాలుగో దిక్కుకు వెళ్ళకు అనే మాట తెలుగు జానపద కథల్లోనూ ఉంది. అక్కడ ఆ నాలుగో దిక్కు రాకుమారుణ్ణి సాహసానికి పిలుస్తుంది. పెరో కథలో కట్టడి ఇల్లాలికి, అదీ ఆమె సొంత ఇంట్లో. భయానక నవలకు కావలసిన బీజం అందులోనే ఉంది. 'జేన్ ఐర్' (1847)లో షార్లట్ బ్రాంటీ థార్న్‌ఫీల్డ్ మేడపై నడవాను నీలిగడ్డం కోటతో పోల్చింది. దాచిన గదిలో శవానికి బదులు బతికున్న భార్యను పెట్టింది.

ఆ వంశంలో అందరికన్నా లోతుకు వెళ్ళిన నవల డాఫ్నీ డ్యూ మారియే రాసిన 'రెబెకా'. 1938 ఆగస్టులో లండన్‌లో గొలాంజ్ సంస్థ దాన్ని ప్రచురించింది. భర్త సైనికోద్యోగం వల్ల ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో కాపురముంటూ, ఇంగ్లండ్ నైరుతి కొసనున్న కార్న్‌వాల్ మీది బెంగతో ఆమె ఈ నవల మొదలుపెట్టింది. అక్కడి మెనబిల్లీ భవనమే నవలలోని మాండర్లీకి ముఖ్యమైన నమూనా.

కథ చెప్పే అమ్మాయికి నవలంతటా పేరు లేదు. ఒక ధనికురాలికి జీతానికి తోడుగా ఉంటూ మాంటీ కార్లోలో మాక్సిమ్ డి వింటర్‌ను పెళ్ళాడుతుంది. అతని మొదటి భార్య రెబెకా పడవ మునిగి చనిపోయిందని లోకం నమ్మకం. మాండర్లీలో నీలిగడ్డం గది రెబెకా పడకగదే. అందులో నెత్తురు చుక్క కూడా ఉండదు. పక్క పరిచి ఉంటుంది, అద్దం ముందు దువ్వెనలు, మంచం దగ్గర చెప్పులు, రాత్రి వేసుకునే గౌను వేసుకోవడానికి సిద్ధంగా. ఇంటి పెత్తనం చూసే మిసెస్ డాన్వర్స్ ఆ గౌనును కొత్త కోడలి చేత తాకించి చూపిస్తుంది. శవం లేని గదిలో ఇంత భయం పుట్టించడం మామూలు ప్రతిభ కాదు. భర్త కూడా పెరో కథలోని భర్తలాగే మాట్లాడతాడు: పిల్లలు చదవకూడని పుస్తకాలకు తండ్రి తాళం వేసినట్టే, భార్యకు తెలియకూడనివి కొన్ని తాళంలోనే ఉండాలంటాడు.

నవలలో అపరాధ పరిశోధన అల్లిక కూడా అంతే బిగువుగా ఉంది. ఒక ఓడ తీరంలో నేలకు తగులుకుంటుంది. దాన్ని చూడటానికి దిగిన గజఈతగాడికి రెబెకా పడవ, అందులో శవం కనిపిస్తాయి. మరి అంతకుముందు రెబెకాదేనని మాక్సిమ్ గుర్తుపట్టి పాతిపెట్టించిన శవం ఎవరిది? రెబెకాను తానే కాల్చి చంపానని అప్పుడతను భార్యకు ఒప్పుకుంటాడు. తూటా ఎముకకు తగలకుండా పోయింది కాబట్టి వైద్యుడికి ఆనవాలు దొరకదు. పడవ అడుగు రంధ్రాలు లోపలినుంచి పొడిచినవని పడవలు కట్టేవాడు సాక్ష్యం చెబుతాడు. విచారణ దాన్ని ఆత్మహత్యగా తేలుస్తుంది. లండన్ డాక్టరు చెప్పిన సంగతితో ఆ మాట బలపడుతుంది: రెబెకాకు కాన్సర్, బిడ్డలు పుట్టే అవకాశమే లేదు. అంటే కడుపుతో ఉన్నానని చెప్పి భర్త చేత తనను చంపించుకున్నది ఆమే.

పెరో కథను నవల తలకిందులు చేసింది ఇక్కడే. గది రహస్యం బయటపడగానే పెరో నాయిక ప్రాణభయంతో తల్లడిల్లిపోతుంది. డ్యూ మారియే నాయికకు మాత్రం ఊరట కలుగుతుంది, భర్త రెబెకాను ఎన్నడూ ప్రేమించలేదని తెలిసినందుకు. హత్య ఆమె మనసులో వెనక్కు పోతుంది. హంతకుడు దొరకాలని కోరుకోవలసిన పాఠకుడు కూడా అతను తప్పించుకుంటే బాగుండునని పేజీలు తిప్పుతాడు. రెబెకా దుర్మార్గురాలని చెప్పేది ప్రధానంగా ఆమెను చంపినవాడే, ఆమె తరఫు కథ ఎక్కడా లేదు. నవలలోని అసలైన భయం ఇదే. దీన్ని ప్రేమకథగా చదివి పక్కన పెట్టేవాళ్ళు ఆ భయాన్ని దాటేస్తున్నారు.

1964లో హిందీలో వహీదా రెహ్మాన్ నాయికగా 'కొహరా' ఈ కథ ఆధారంగానే వచ్చింది. అంతకు చాలా ముందే, 1940లో, హిచ్‌కాక్ దీన్ని సినిమాగా తీశాడు. ఉత్తమ చిత్రంగా ఆస్కార్ కూడా అందుకుంది. అయితే భార్యను చంపినవాడు శిక్ష లేకుండా మిగలడానికి అప్పటి హాలీవుడ్ నియమావళి ఒప్పుకోదు. అందుకని సినిమాలో రెబెకా కాలు తట్టుకుని పడి, తలకు దెబ్బ తగిలి చనిపోతుంది. మాక్సిమ్ శవాన్ని దాచినవాడు మాత్రమే అవుతాడు. నేరస్థుడి పక్షాన నిలబడాలా వద్దా అన్న ప్రశ్న సినిమాలో అతని భార్యకు ఎదురే కాదు.