ప్రభుత్వ బిల్లులు, మోసం దావాలు: సంస్థ ఎట్లా నిలబడాలి?

(సంఘ కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ సొమ్ము చేతికి వచ్చిన చోట లెక్క అడిగేవాడు ఉంటాడు. అమెరికాలో ఆ అడిగేవాడు ప్రభుత్వోద్యోగే కానక్కరలేదు, సంస్థలో పనిచేసే గుమాస్తా అయినా కావచ్చు. మన దేశంలో అటువంటి చట్టం లేదు గదా, మనకెందుకు అనవద్దు. సబ్సిడీ కాగితాల మీద సంతకం పెట్టేవారికి అందులో పనికివచ్చే సంగతులున్నాయి.

1863లో అక్కడ అంతర్యుద్ధం నడుస్తున్నది. కొందరు కంట్రాక్టర్లు సైన్యానికి పనికిరాని సరుకు అంటగట్టారు, అసలు ఇవ్వని సరుకుకు బిల్లులు పెట్టారు. అప్పుడు లింకన్ హయాములో ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ వచ్చింది. మోసం తెలిసిన వ్యక్తి ప్రభుత్వం తరఫున తానే దావా వేసి, వసూలైన దానిలో వాటా తీసుకోవచ్చు. 1986 సవరణతో దీనికి పదును పెరిగింది. నష్టానికి మూడింతలు కట్టాలి. పైగా తప్పుడు బిల్లు ఒక్కింటికి జరిమానా వేరు. 2024లో అది 13,946 నుండి 27,894 డాలర్లు. ప్రభుత్వం కేసు చేపడితే దావా వేసినవారికి 15 నుండి 25 శాతం, చేపట్టకపోతే 25 నుండి 30 శాతం. దావా మొదట కనీసం 60 రోజులు రహస్యంగా ఉంటుంది. గడువులు పెంచుకుంటూ పోతే ఏళ్ళు కూడా పడుతుంది. అంతవరకు సంస్థకు కబురే ఉండకపోవచ్చు.

మరి సంస్థ ఏమని వాదిస్తుంది? ఏ బిల్లు, ఏ తేదీ, ఎవరు పెట్టారో వివరంగా చెప్పమంటుంది. "అక్కడ మోసం జరుగుతున్నది" అన్న గాలిమాట చాలదు. లోపం చెల్లింపును ప్రభావితం చేసేంత ముఖ్యమైనది కాదని కూడా అనవచ్చు. లోపం ఉన్నదని తెలిసి కూడా ప్రభుత్వం డబ్బు ఇస్తూ వచ్చిందంటే, ఆ సంగతి సంస్థకు గట్టి బలమని 2016లో ఎస్కోబార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అసలు పోరాటం "తెలిసి చేశారా" అన్న మాట మీదనే. లాక్టోమీటరు చెడి రీడింగు తప్పితే అది పొరపాటు. చెడిందని చెప్పినా కళ్ళు మూసుకుని అదే అంకె రాస్తూ పోతే, ఆ చట్టం దృష్టిలో అదీ తెలిసి చేసినట్టే.

సూపర్‌వాల్యూ అనే దుకాణాల సంస్థ సంగతి చూడండి. దాని మందుల షాపుల్లో చాలా మందులను జనానికి తక్కువ ధరకు అమ్మి, ప్రభుత్వానికి మాత్రం "మామూలు ధర" అని ఎక్కువ చూపారని ఆరోపణ. ఆ మాటకు మరో అర్థం కూడా చెప్పుకోవచ్చు గదా అని న్యాయవాదులు వాదించారు. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ వాదాన్ని తోసిపుచ్చింది: తరువాత ఎంత తెలివైన అర్థం కనిపెట్టినా లాభం లేదు, బిల్లు పెట్టిన నాడు మీ మనసులో ఏమున్నదో చెప్పండన్నది. 2025లో జ్యూరీ, తెలిసే తప్పుడు బిల్లులు పెట్టారు గాని దానివల్ల ప్రభుత్వానికి నష్టం జరిగినట్టు రుజువు కాలేదని తేల్చింది. సంస్థ బయటపడింది గాని, ఎన్నేళ్ళ తరువాత! ఆ ఖర్చు ఎవరిస్తారు?

ఆనాటి మనసుకు సాక్ష్యం ఆనాటి కాగితమే. నిబంధన అర్థం కాకపోతే అధికారికి ఉత్తరం రాసి, జవాబు ఫైలులో పెట్టండి. "అందరూ ఇట్లాగే రాస్తున్నారు" అన్నది ఏ కోర్టులోనూ సాక్ష్యంగా నిలిచేది కాదు.

తప్పు ఎత్తిచూపిన ఉద్యోగిని పీడించడం మరీ తెలివితక్కువ పని. అక్కడ అది వేరే కేసు: తిరిగి ఉద్యోగం, పోయిన జీతానికి రెండింతలు. నా అనుభవంలో లోపల ఎవరూ వినకపోతేనే మనిషి బయటి గుమ్మం తొక్కుతాడు.

తప్పు కనిపిస్తే సంస్థ తానే చెప్పుకోవచ్చు. సమాచారం అందిన 30 రోజుల్లో ప్రభుత్వానికి అంతా తెలిపి, పూర్తిగా సహకరిస్తే, అప్పటికి దర్యాప్తు సంగతి తెలియనివారికి కోర్టు మూడింతలను రెండింతలకు తగ్గించవచ్చు. రోజులు లెక్కించేది సమాచారం చేతికి వచ్చిన నాటి నుండి. కనుక మీ దగ్గరకు వచ్చిన ఫిర్యాదు కాగితం మీద తేదీ వేసి, రిజిస్టరులో ఎక్కించండి.