పెన్న వాలుగయు, చలనచిత్రమును



అమెరికాలో సాహసికులు కొండవాగుల వెంబడి పోయి, ఈకలతో ఈగవలె కట్టిన గాలమును విసరి, అరుదైన స్వదేశపు ట్రౌటు చేపలను పట్టి విడుచుచు, ఆ యాత్రలను చలనచిత్రములుగా తీయుచున్నారు. మన నీలగిరుల ట్రౌటు ఆంగ్లేయులు తెచ్చి విడిచినది. మనకు స్వదేశపుది వాలుగ గలదు. 1851లో బ్లీకరు పండితుడు దాని జాతికి పెట్టిన 'వల్లాగో' అను శాస్త్రనామము మన తెలుగుమాటయే! నేడది ప్రపంచమున ముప్పునకు లోనగు చేపలలో లెక్కింపబడుచున్నది. చేపలను వేటాడి తిను ఈ జీవమునకు ఈకల ఈగ చాలదు. చిన్నచేపవలె మెరయు ఎర కావలయును.

పులివెందుల తాలూకాలో జన్మించిన బి. ఎన్. రెడ్డిగారు 1951లో 'మల్లీశ్వరి'ని తీసిరి. ఆ సీమవారికి పెన్నపై చిత్రము తీయుట అసాధ్యమా? గండికోట లోయ యందముతోనే తృప్తిపడరాదని మా మనవి. కావేరిలో 1998 మొదలు 2012 వరకు గాలపువారు వ్రాసియుంచిన లెక్కల వలననే మూపురపు మహసీరు క్షీణించుట తేటపడినది. కావున మన చిత్రమునను పట్టిన ప్రతి చేప జాతి, పొడవు, దినము నమోదు కావలయును.

జమ్మలమడుగు చెంత మైలవరము జలాశయమున వలవేయు మన పెద్దలను పడవ నడుపు కూలివారుగా గాక, నీటి గుట్టు తెలిసిన గురువులుగా చూపవలయును. వానకు నీరు పొంగి వాలుగ గ్రుడ్లు పెట్టు దినములలో గాలము దింపరాదు. కెమెరా కిరాయికి ప్రొద్దుటూరు పోషకులు తోడ్పడుదురని ఆశించుచున్నాము.