శనివారాలు పెట్టి కట్టుకునే ఊరు

(మహాసభల్లో భాగంగా జరిగిన కుటుంబ సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, పిల్లల్ని యువజన కార్యక్రమాల దగ్గర దింపి హడావిడిగా వచ్చి కూర్చున్న తల్లిదండ్రులకు, భోజనాల దగ్గర వరస పెరగకముందే ఈ ప్రసంగం అయిపోతే బాగుండునని చూస్తున్న మిత్రులకు, అందరికీ నమస్కారం.

నాకంటే ముందు మాట్లాడినవారు డాక్టర్లు, రచయితలు, కంపెనీలు పెట్టినవారు. నిర్వాహకులు నాకు ఫోన్ చేసి "మీరు సబర్బ్‌లో ఉండే మామూలు తండ్రిగా మాట్లాడండి" అన్నారు. ఆ అర్హతకు నాకు లోటు లేదు. న్యూజెర్సీలో ఒక ఇల్లు, ఇరవై ఏళ్ళు పైబడి కడుతున్న అప్పు, ఇంటి ముందు గడ్డి, వెనక గోంగూర. గరాజు రెండు కార్లది, పట్టేది ఒక కారే, మిగతాదంతా సామాను. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు శనివారం పొద్దున సాకర్, మధ్యాహ్నం సంగీతం క్లాసు, సాయంత్రం ఎవరిదో పుట్టినరోజు. ఆదివారం తెలుగు బడి, గుడి, దేశీ కొట్టు. ఇంట్లో నాన్నని, కారెక్కాక డ్రైవర్ని. ఇందులో మీకెవరికీ కొత్త సంగతి లేదు. కాబట్టి ఈ మామూలు బతుకులోంచే ఒక్క విషయం చెప్పి దిగిపోతాను.

నేను తెనాలి దగ్గర పల్లెటూళ్ళో పెరిగాను. మా నాన్నగారు నా చేత హోంవర్కు చేయించిన గుర్తు లేదు. కాలవలో ఈత నేర్పింది మా బాబాయి. లెక్కలు చెప్పింది పక్కవీధి మేస్టారు, అదీ తన ఇంటి అరుగు మీద, పైసా తీసుకోకుండా. వెధవ పని చేస్తే చెవి మెలేసే హక్కు వీధిలో ప్రతి పెద్దాయనకీ ఉండేది. అంటే మా నాన్నకి నన్ను పెంచడంలో ఊరంతా సాయం పట్టింది. ఇక్కడ మనకి ఆ బాబాయి లేడు, ఆ మేస్టారు లేడు, ఆ అరుగు లేదు. ఆ ముగ్గురి పనీ నాన్న ఒక్కడే చెయ్యాలి. అలిసిపోతున్నామంటే అలిసిపోమా మరి!

అయితే ఆ ఊరు మాత్రం ఆకాశం నుంచి ఊడిపడిందా? ఎవరో కట్టబట్టే ఉంది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాలవాళ్ళందరూ ఒకచోట చేరి సభ జరుపుకున్నారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిసింది. అప్పటి పల్లెటూళ్ళలో లైబ్రరీలు పెట్టినవాళ్ళు చందాలు పోగుచేసుకుని, తమ పనులయ్యాక సాయంత్రాలు కూర్చుని పెట్టారు. కాబట్టి ఊరి పని అనేది అమెరికా వచ్చాక మనం కొత్తగా నేర్చుకున్న 'వాలంటీరింగ్' కాదు. మన తాతల అలవాటే.

ఇక్కడికి వచ్చాక కూడా మనవాళ్ళు ఆ అలవాటు వదల్లేదు. 1976లో పిట్స్‌బర్గ్‌లో వెంకటేశ్వరస్వామి గుడి వచ్చింది. 1977లో న్యూయార్క్‌లో తొలి తెలుగు మహాసభ జరిగి తానా పుట్టింది. తరువాత ఆటా వచ్చింది, ఊరూరా తెలుగు సంఘాలు వచ్చాయి. 2007లో సిలికానాంధ్ర వారి మనబడి మొదలయ్యింది. ఇవన్నీ ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ, వారాంతాలు ధారపోసి కట్టినవే. ఇవాళ ఈ హాల్లో కుర్చీలు వేసినవాళ్ళు కూడా సోమవారం పొద్దున ఆఫీసుకి వెళ్ళవలసినవాళ్ళే. వాళ్ళకి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మనం తెలుగు ఊరు కట్టుకున్నాం, బాగానే కట్టుకున్నాం. కానీ మన ఇల్లు ఉన్న ఊరి సంగతి ఏమిటి? పన్ను కట్టే ఊరు, పిల్లలు బస్సెక్కే ఊరు, మంచు పడితే రోడ్డు శుభ్రం చేసే ఊరు. దాన్ని మనం ఒక హోటల్లా వాడుకుంటున్నామేమో అని నాకు బెంగ. బిల్లు ఠంచనుగా కడతాం, పేచీ పెట్టం. కానీ హోటల్లో దిగినవాణ్ణి ఎవరూ ఊరివాడు అనరు కదా!

నాకు మా ఊరు రెండు సరదాల వల్ల పరిచయమైంది. మొదటిది గోంగూర. మా వైపు మే నెల మధ్య దాకా మంచు భయం తీరదు. అందుకని ఏప్రిల్‌లో గాజు కిటికీ దగ్గర ప్లాస్టిక్ కప్పుల్లో నారు పోసి, మే చివర నేలలో నాటుతాను. వేసవంతా కోసినకొద్దీ వస్తుంది. కానీ పొద్దు తగ్గితే గాని అది పూత పట్టదు, కాయ ముదిరేలోపు మంచు పడిపోతుంది. అందుకని విత్తనాల కోసం ఏటా టెక్సాస్‌లో ఉన్న స్నేహితుడి మీద ఆధారపడతాను. ఒక వేసవిలో పక్కింటి పెద్దాయన కంచె దగ్గరికి వచ్చి "ఆ ఎర్ర కాడల మొక్క ఏమిటి" అని అడిగాడు. పచ్చడి రుచి చూపించాం. నీళ్ళు తాగాడు, మళ్ళీ అడిగాడు. మర్నాడు ఒక బుట్టెడు టమాటాలు మా గుమ్మంలో ఉన్నాయి. ఆ ఇంటికీ మా ఇంటికీ రాకపోకలు అలా మొదలయ్యాయి.

రెండోది చెక్క కారు. మా అబ్బాయి కబ్ స్కౌట్స్‌లో చేరినప్పుడు పైన్‌వుడ్ డెర్బీ అని ఒక పోటీ ఉండేది. 1953లో కాలిఫోర్నియాలో డాన్ మర్ఫీ అనే తండ్రి మొదలుపెట్టిన ఆట ఇది. పెద్ద బండ్ల పందేనికి తన కొడుకు వయసు చాలలేదని, చిన్న బండ్ల పందెం కనిపెట్టాడు. ఒక చెక్క ముక్క, నాలుగు చక్రాలు, ఇరుసులుగా నాలుగు మేకులు ఇస్తారు. బరువు 5 ఔన్సులు దాటకూడదు. ఏటవాలు పలక మీంచి వదిలితే ఎవరిది ముందు పోతే వాళ్ళు గెలిచినట్టు. కొండపల్లి బొమ్మలవాళ్ళు చూస్తే నవ్వుకునేంత మొరటుగా చెక్కాం మా బండిని. ఆఖరి నుంచి రెండోది వచ్చింది. మా వాడు ఆ బండిని ఇప్పటికీ దాచుకున్నాడు. ఆ సాయంత్రం నా పక్కన కూర్చుని బండి చక్రాలకి గ్రాఫైట్ పొడి రాస్తున్న తండ్రి మా ఊరి ఫస్ట్ ఎయిడ్ స్క్వాడ్‌లో సభ్యుడు. న్యూజెర్సీలో చాలా ఊళ్ళలో అంబులెన్సు నడిపేది జీతం లేని ఊరివాళ్ళేనని నాకు అప్పుడే తెలిసింది. "మనుషులు చాలడం లేదు, వస్తావా?" అని అడిగాడు. కొన్ని నెలలు సాయంత్రం క్లాసులకి వెళ్ళి, పరీక్ష రాసి, చేరాను.

అందులో నేను చూసినది ఒక్కటి చెబుతాను. మన ఇళ్ళలో ఇండియా నుంచి వచ్చిన అమ్మా నాన్నా ఉంటారు. పగలు కొడుకూ కోడలూ ఆఫీసుల్లో, పిల్లలు బడిలో. పెద్దావిడ ఒక్కతే ఇంట్లో. ఒకరోజు అలాంటి ఇంటికే పిలుపు వచ్చింది. మా స్క్వాడ్ వాళ్ళు మంచివాళ్ళు, అనుభవం ఉన్నవాళ్ళు. ఇంగ్లీషులో ఎంత నెమ్మదిగా అడిగినా ఆవిడ బెదురుగా తల ఊపుతోంది. ఫోన్‌లో దుబాసీని పిలిచే సదుపాయం ఉంది, కానీ దానికి కొంత సమయం పడుతుంది. నేను పక్కన కూర్చుని "మామ్మగారూ, గుండెల్లో నొప్పా, మంటా?" అని అడిగాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని "పొద్దుటినించీ ఎడమ చెయ్యి లాగేస్తోంది నాయనా, పిల్లాడికి ఫోన్ చేస్తే ఆఫీసులో ఇబ్బంది పడతాడని చెప్పలేదు" అంది. ఆ మాటతో మిగతావాళ్ళు ఏం చెయ్యాలో అది చేశారు. ఆవిడ కులాసాగా ఇంటికి వచ్చింది.

మిత్రులారా, అలాంటి మామ్మగారు మన ప్రతి వీధిలోనూ ఉన్నారు. 2010కీ 2017కీ మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్ళు 86 శాతం పెరిగి 4 లక్షలు దాటారని ఇక్కడి జనాభా లెక్కలు చెప్పాయి. ఇంతమందిమి ఉన్నాం, ఊరి అంబులెన్సులో తెలుగు వచ్చినవాళ్ళు ఎందరున్నారు? రక్తం సంగతీ అంతే. బి గ్రూపు అమెరికన్లలో తక్కువ, మనవాళ్ళలో చాలా ఎక్కువ. మన ఇంట్లో ఎవరికైనా అవసరం పడినప్పుడు ఆ రక్తం ఎవరో ముందుగా ఇచ్చి ఉండాలి. 56 రోజులకి ఒకసారి ఇవ్వవచ్చు, గంట పని.

ఊరి సభల సంగతి చూడండి. మా రాష్ట్రంలో 564 మునిసిపాలిటీలు ఉన్నాయి. స్కూల్ బోర్డు సభ్యులకి జీతం లేదు, ఎవరో ఒకరి నాన్నో అమ్మో పనయ్యాక వచ్చి కూర్చుంటారు. ప్లానింగ్ బోర్డుకి దరఖాస్తు వస్తే 200 అడుగుల లోపున్న ఇళ్ళవాళ్ళకి కబురు పంపాలని చట్టం. గుడి కట్టడానికో పెంచడానికో మన దరఖాస్తు వెళ్ళిందనుకోండి. ఆ రాత్రి మనం వందమందిమి పట్టుచీరలతో, కండువాలతో హాలు నింపుతాం. చాలా బాగుంది. కానీ ఆ బోర్డువాళ్ళు మనల్ని చూడటం అదే మొదటిసారి అయితే? అంతకుముందు లైబ్రరీ గంటలు తగ్గిస్తామన్నప్పుడు, వరద కాలవ బాగుచెయ్యాలన్నప్పుడు మనలో ఒక్కరైనా ఆ హాల్లో ఉండి ఉంటే, గుడి రోజున మనం కొత్త మొహాలం కాము.

2017 ఫిబ్రవరి 22 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కాన్సస్‌లో ఓలేత అనే సబర్బ్‌లో ఉద్యోగం అయ్యాక స్నేహితుడు అలోక్ మాడసానితో కూర్చున్న శ్రీనివాస్ కూచిభొట్లను, ఈ దేశంనుంచి పొమ్మంటూ అరిచిన ఒకడు కాల్చి చంపాడు. ఆ వారం ఇండియా నుంచి మన అందరి ఇళ్ళకీ ఫోన్లు వచ్చాయి. బయట గట్టిగా తెలుగు మాట్లాడకండి అని సందేశాలు తిరిగాయి. అప్పటికి హైస్కూల్లో ఉన్న మా అమ్మాయి "నాన్నా, ఇక కిరాణా కొట్లో నీతో ఇంగ్లీషే మాట్లాడాలా?" అని అడిగింది. దానికి ఏ తండ్రి దగ్గరా సిద్ధంగా జవాబు ఉండదు.

ఊరివాళ్ళకి మనం తెలిసి ఉంటే ఆ తూటా ఆగేదని నేను అనను. అలా అంటే పోయినవారిని అవమానించినట్టు అవుతుంది. కానీ ఆ రాత్రే ఇయన్ గ్రిలట్ అనే అతను, వాళ్ళకి ఏమీ కానివాడు, అడ్డుపడబోయి తాను కూడా తూటా తిన్నాడు. తరువాత హ్యూస్టన్‌లో మన భారతీయులు అతనికి సన్మానం చేసి ఇల్లు కొనుక్కోవడానికి లక్ష డాలర్లు ఇచ్చారు. మా అమ్మాయికి నేను చెప్పింది అదే: "ఊళ్ళో అలాంటివాళ్ళు ఉంటారు. మనం కూడా ఎవరికో ఒకరికి అలాంటివాళ్ళం అవ్వాలి. తెలుగు మానక్కర్లేదు, తలుపు తెరిస్తే చాలు."

ఇక్కడ కొందరు మిత్రులు అడుగుతారు: "మీకేమండీ, పౌరసత్వం వచ్చేసింది. మేం వీసా మీద ఉన్నాం. గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం అని పరిమితి, క్యూ కదలదు. 21 నిండితే పిల్లలు మా దరఖాస్తులోంచి జారిపోతారేమోనని భయం. రేపు ఉంటామో లేదో తెలియని ఊరికి శనివారాలు ఎందుకు పెట్టాలి?" అది న్యాయమైన ప్రశ్నే. ఓటు లేకపోవచ్చు. కానీ రక్తం ఇవ్వడానికి, సాకర్ కోచ్‌గా నిలబడటానికి, ఊరి సభలో లేచి రెండు ముక్కలు మాట్లాడటానికి ఓటు అక్కర్లేదు. పైగా మనం క్యూలో ఉన్నాం కానీ మన పిల్లల బాల్యం క్యూలో లేదు. అది ఈ ఊళ్ళోనే, ఇప్పుడే అయిపోతోంది.

ఇంకో మాట. బడిలో పేరెంట్స్ సంఘాల పని, పొట్‌లక్‌ల పని ఇన్నాళ్ళూ మన ఆడవాళ్ళే మోశారు. పక్కింటివాళ్ళ పేర్లు కూడా ముందు వాళ్ళకే తెలిశాయి. కాబట్టి ఈ మాటలు ముఖ్యంగా నాన్నలకి. నెలకి ఒక్క సాయంత్రం ఊరికి ఇవ్వండి. లైబ్రరీ కావచ్చు, అంబులెన్సు కావచ్చు, స్కూల్ బోర్డులో వెనక వరసలో ఒక కుర్చీ కావచ్చు. వెళ్ళేటప్పుడు పిల్లల్లో ఒకర్ని వెంట తీసుకెళ్ళండి. విసుక్కుంటారు, ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు, ఫరవాలేదు. మా నాన్న ఊరి పంచాయితీకి వెళ్తూ నన్ను వెంటబెట్టుకుపోయినప్పుడు నేనూ విసుక్కున్నవాణ్ణే.

ఊరు ఎవరూ పళ్ళెంలో పెట్టి ఇవ్వరు. తెనాలి దగ్గర మా పెద్దలు సాయంత్రాలు పెట్టి కట్టుకున్నారు, మనం శనివారాలు పెట్టి కట్టుకుంటాం. వచ్చే మహాసభలకి మనం కలుసుకునేసరికి, ఈ హాల్లో ఉన్నవాళ్ళలో పదిమందైనా తమ ఊరి మేయరు తమను పేరు పెట్టి పలకరించాడని చెప్పుకుంటే, నాకు ఇచ్చిన ఈ పదిహేను నిమిషాలు సార్థకమైనట్టే.

భోజనాల వేళయింది.