మనవల గ్రేడ్లు – మన కేకలు
(సంఘ సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)



మన కాలంలో పరీక్ష ఫలితాలు పేపర్లో పడేవి. నంబరుంటే పాసు, లేకపోతే లేదు. ఇప్పుడు 2008లో ఏర్పడిన ఎచ్చెర్ల అంబేద్కర్ విశ్వవిద్యాలయమైనా, 2022లో వచ్చిన విజయనగరం జె.ఎన్.టి.యు. గురజాడ అయినా, ఫలితం ఇంట్లో కూర్చుని ఫోనులోనే చూసుకోవచ్చు. చూడడం సులువే, అర్థం చేసుకోవడమే కష్టం.

కిందటేడు మా మనవరాలి ఫలితం చూశాను. ఒక సబ్జెక్టులో ‘ఎఫ్’, అడుగున అయిదు చిల్లర. “పదికి అయిదేనా!” అని కేకలేశాను. పిల్ల ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు “ఏటి తాతా, లెక్క చూడకుండానే తిట్టేశావు” అంటూ కాగితం మీద వేసి చూపించింది. అదే మీకు చెబుతాను.

యు.జి.సి. సూచించిన పద్ధతిలో ‘ఓ’ గ్రేడుకు 10 పాయింట్లు, ఎ ప్లస్‌కు 9, ఎ కు 8, బి ప్లస్‌కు 7, బి కి 6, సి కి 5, పి కి 4, ఎఫ్‌కు సున్నా. ప్రతి సబ్జెక్టుకూ కొన్ని క్రెడిట్లుంటాయి. మన సర్వీసు వెయిటేజీ లాంటివే అనుకోండి.

సులువు కోసం మూడే సబ్జెక్టులు తీసుకుందాం. 4 క్రెడిట్ల దానిలో ఎ: 32. 3 క్రెడిట్ల దానిలో బి: 18. 1 క్రెడిట్ లాబులో ఓ: 10. మొత్తం 60ని 8 క్రెడిట్లతో భాగిస్తే 7.5. ఇది ఆ సెమిస్టరు ఎస్.జి.పి.ఎ. అన్ని సెమిస్టర్లూ ఇలాగే కలిపితే సి.జి.పి.ఎ.

అదే బి బదులు ఎఫ్ వచ్చిందనుకోండి. 18 పోయి 42 మిగులుతుంది, భాగించేది మాత్రం ఆ 8తోనే. 5.25! సప్లిమెంటరీలో బి తెచ్చుకుంటే మళ్ళీ 7.5. అంటే తగ్గింది ఒక్క పేపరు, పిల్ల చదువంతా కాదు.

ఇంకో మాట. 7.5 అంటే 75 శాతం అనుకోకండి. హైదరాబాదు జె.ఎన్.టి.యు. సూత్రంలో 0.5 తీసి 10తో హెచ్చవేస్తారు, 70 శాతం. కాకినాడ వారి పాత నిబంధనల్లో 0.75 తీసేవారు, 67.5. కనుక ఉద్యోగ దరఖాస్తులో శాతం రాసే ముందు తమ యూనివర్సిటీ నిబంధన చూసుకోమనండి.

మా మనవరాలు ఆ పేపరు గట్టెక్కింది. నేను వేసిన కేకలు మాత్రం ఏ సప్లిమెంటరీతోనూ పోవు. మీరైనా ముందు లెక్క అడగండి, తరువాత మాట్లాడండి.