పవర్ బ్యాంక్ మీద రాసిన నంబర్‌ని నమ్మొచ్చా? చెయ్యేరు వరద నాకు నేర్పిన లెక్క

మన కర్నూల్లో ఎండ మామూలుగా లేదు, ఫ్యాన్ సౌండ్ వస్తే కొంచెం అడ్జస్ట్ అవ్వండి. ఫ్యాన్ ఆపి మాట్లాడే సీన్ అయితే లేదు.

ఈరోజు టాపిక్ పవర్ బ్యాంక్. "ఇందులో చెప్పడానికి ఏముంది బ్రో, 20000 ఎంఏహెచ్ అని ఉంటే కొనేయడమే కదా" అంటారు. నేను కూడా అచ్చం అలాగే అనుకున్నా. అలా అనుకుని ఒక తప్పు చేశా. ముందు ఆ తప్పు చెప్తా, తర్వాత లెక్కలోకి వెళ్దాం.

2019లో నా బీటెక్ అయిపోయింది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కోవిడ్ వచ్చాక ఇంటి నుంచే పని. 2021 ఉగాదికి మా చిన్నమ్మ వాళ్ల ఊరికి పోయినా. కడప జిల్లాలో రాజంపేట దగ్గర, చెయ్యేరు ఒడ్డున ఉన్న ఊరు. అక్కడ కరెంటు ఊరికే పోతా ఉంటుంది. సరే అని దారిలో ఒక ఫుట్‌పాత్ షాపులో 20000 అని రాసున్న పవర్ బ్యాంక్ నాలుగు వందలకు కొని చిన్నమ్మ చేతిలో పెట్టినా. పెద్ద టెక్ ఎక్స్‌పర్ట్ లాగా "ఇది ఉంటే నాలుగు రోజులు కరెంటు లేకపోయినా ఏం కాదు" అని డైలాగ్ కూడా కొట్టినా. ఆమె దాన్ని భద్రంగా బీరువాలో పెట్టేసింది.

అదే ఏడాది నవంబర్ 19. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయింది. పులపత్తూరు, మందపల్లి, తోగూరుపేట, ఇలా చెయ్యేరు పక్కనున్న ఊళ్ల మీద నీళ్లు పడ్డాయి. ఎంతోమంది ప్రాణాలు పోయాయి. ఇళ్లు, గొడ్లు, పొలాలు అన్నీ కొట్టుకుపోయాయి.

నేను కర్నూల్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చిన్నమ్మ నంబర్‌కి కాల్ చేస్తా ఉన్నా. స్విచ్ఛాఫ్. మళ్లీ చేస్తా, స్విచ్ఛాఫ్. మా అమ్మ వంట కూడా చేయలేదు, టీవీ ముందు నుంచి లేవలేదు. రెండు రోజులు. మూడో రోజు ఎవరిదో తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. "అబ్బోడా, నేనురా. మేము బాగుండాం. మీ అమ్మకు చెప్పు." అంతే, మా అమ్మ ఏడ్చేసింది.

తర్వాత మేము ఊరికి పోయినప్పుడు చిన్నమ్మ మామూలుగా ఒక మాట అనింది. "నువ్విచ్చిన డబ్బా పట్టుకునే మిద్దె ఎక్కినాం నాయనా. కానీ దాంట్లో ఏం లేదు." ఆమె కోపంగా అనలేదు. కోపంగా అనింటే బాగుండేది.

నిజం చెప్పాలంటే ఆ టైంలో టవర్లు కూడా సరిగ్గా లేవు. కరెంటు పోతే సెల్ టవర్ కూడా బ్యాటరీ మీద, డీజిల్ మీదే బతకాలి. అవి అయిపోతే మన ఫోన్లో వంద శాతం ఉన్నా వేస్టే. కానీ పక్కింటి వాళ్ల ఫోన్‌కి మధ్యమధ్యలో సిగ్నల్ వచ్చిందట. చిన్నమ్మ ఫోన్ బతికి ఉంటే మాకు ఒక రోజు ముందే తెలిసేది.

ఇప్పుడు అసలు విషయం. ఆ డబ్బాలో ఎందుకు ఏం లేదు? రెండు కారణాలు. ఒకటి, దాని మీద రాసింది అబద్ధం. రెండు, దాన్ని ఎట్లా చూసుకోవాలో నేను చెప్పలేదు.

మొదటిది చూద్దాం. పవర్ బ్యాంక్ మీద 10000 ఎంఏహెచ్ అని ఉంటుంది కదా, అది లోపల సెల్ కెపాసిటీ. లోపలి లిథియం సెల్ సుమారు 3.7 వోల్టుల దగ్గర పని చేస్తుంది. యూఎస్‌బీలో బయటికి రావాల్సింది మామూలుగా 5 వోల్టులు. అంటే లోపల ఒక సర్క్యూట్ వోల్టేజ్‌ని పైకి ఎక్కించాలి. ఎక్కించేటప్పుడు కొంత వేడి రూపంలో పోతుంది.

దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. పాణ్యం దగ్గర పిన్నాపురం ప్రాజెక్టు విన్నారా? 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్. కరెంటు ఎక్కువగా ఉన్నప్పుడు నీళ్లను కింది రిజర్వాయర్ నుంచి పై రిజర్వాయర్‌కి ఎక్కిస్తారు. అవసరమైనప్పుడు కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. అది కూడా ఒక పవర్ బ్యాంకే, కాకపోతే కొండ సైజులో. అక్కడైనా ఎక్కించడానికి పెట్టిన కరెంటు మొత్తం తిరిగి రాదు. మన జేబులో ఉన్నదీ అంతే.

లెక్క వేద్దాం. 10000 ఎంఏహెచ్ అంటే 10 ఆంపియర్ అవర్లు. దాన్ని 3.7తో గుణిస్తే 37 వాట్ అవర్లు. అసలు సరుకు ఇదే, ఈ వాట్ అవర్ నంబరే గుర్తుపెట్టుకోండి. దాన్ని 5 వోల్టులతో భాగిస్తే 7400. సర్క్యూట్‌లో పోయేది ఒక 15 శాతం తీసేయండి, సుమారు 6300. కాబట్టి 10000 అని రాసిన మంచి కంపెనీ పవర్ బ్యాంక్ అయినా బయటికి ఇచ్చేది ఆరు వేల చిల్లరే. ఇది మోసం కాదు, ఫిజిక్స్. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ఫోన్‌ని ఒకటిన్నర సారి కూడా పూర్తిగా నింపదు. 20000 అయితే మూడు సార్లకు కొంచెం తక్కువ.

మంచి పవర్ బ్యాంక్ వెనకాల చిన్న అక్షరాల్లో "రేటెడ్ కెపాసిటీ" అని వేరే నంబర్ ఉంటుంది. 10000 దానికి ఐదున్నర వేల నుంచి ఆరున్నర వేల మధ్య ఉంటుంది. మీరు చూడాల్సింది పెద్ద నంబర్ కాదు, ఆ చిన్న నంబర్. ఆ నంబరే లేకపోతే అక్కడే ఆగిపోండి.

ఇప్పుడు దొంగ సరుకుని ఎలా పట్టుకోవాలి? మీ వీధిలో కిరాణా కొట్టు ఉంది కదా, ఆ కాటా చాలు. లోపల చాలావాటిలో 18650 అనే గుండ్రటి సెల్స్ ఉంటాయి, టార్చ్ సెల్ టైపులో. ఒక్కొక్కటి 45 గ్రాముల పైనే. అందులో మంచిదే అయినా సుమారు 3500 ఎంఏహెచ్ పడుతుంది. 20000 కావాలంటే కనీసం ఆరు సెల్స్ ఉండాలి. సెల్స్ బరువే 270 గ్రాములు దాటుతుంది, పైన డబ్బా, సర్క్యూట్ అదనం. కాబట్టి 20000 అని రాసి 150 గ్రాములు తూగితే అది అబద్ధం, ఇంకో మాట లేదు. బ్యాటరీ ఏ రకం అయినా గాలిని దాచుకోదు కదా. అయితే బరువు సరిపోయినంత మాత్రాన అసలుదని కూడా కాదు. లోపల ఇసుకో, ఇనుప ముక్కో పెట్టి అమ్మే ఘనులు కూడా ఉన్నారు.

అందుకే ఇంకో టెస్ట్. మన దేశంలో పవర్ బ్యాంక్‌లకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. డబ్బా మీద ఆర్ అనే అక్షరం, తర్వాత 8 అంకెలు ఉంటాయి. ఫోన్లో "బీఐఎస్ కేర్" యాప్ వేసుకుని ఆ నంబర్ కొట్టండి. ఎవరికిచ్చారు, ఏ వస్తువుకి ఇచ్చారు అనేది వస్తుంది. పవర్ బ్యాంక్ మీద నంబర్ కొడితే వేరే ఏదో వస్తువు వచ్చిందనుకోండి, షాపు అన్నకు నవ్వుతూ తిరిగిచ్చేయండి. అన్నీ కలిపి రెండు నిమిషాల పని. నేను ఆ రెండు నిమిషాలు పెట్టలేదు.

ఇక రెండో తప్పు, చూసుకోవడం. చిన్నమ్మ దాన్ని ఏడు నెలలు బీరువాలో పెట్టింది. ఏ బ్యాటరీ అయినా వాడకపోయినా మెల్లగా దిగిపోతా ఉంటుంది. సర్క్యూట్ కూడా కొంచెం కొంచెం తాగుతుంది. పూర్తిగా ఖాళీ అయిపోయి నెలల తరబడి అలాగే ఉంటే సెల్ చచ్చిపోతుంది, మళ్లీ ఛార్జ్ ఎక్కదు. అందుకే మూడు నెలలకోసారి తీసి చూడండి. ఊరికే పక్కన పెట్టేటప్పుడు సగం, సగానికి కొంచెం పైన ఉంచండి. వానాకాలంలో, తుఫాను వార్త వచ్చినప్పుడు మాత్రం ఫుల్ చేసేయండి.

మనకు ఇంకో శత్రువు ఎండ. ఏప్రిల్, మేలో మన కర్నూలు, కడప, నంద్యాలలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డ్ మీద ఇంకా ఎక్కువ ఉంటుంది. లిథియం సెల్స్‌ని మామూలుగా 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. ఫుల్ ఛార్జ్ ప్లస్ వేడి, ఈ రెండూ కలిస్తే బ్యాటరీ తొందరగా ముసలిదైపోతుంది. కాబట్టి డిక్కీలో వదిలేయొద్దు. దిండు కింద, పరుపు మీద పెట్టి ఛార్జ్ చేయొద్దు. మన ఇళ్లలో నాపరాయి బండలు ఉన్నాయి కదా, నీడలో ఆ బండ మీద పెట్టి ఛార్జ్ చేయండి. రాయి వేడిని లాగేస్తుంది, ఒకవేళ ఏదైనా జరిగినా రాయి అంటుకోదు. మన తాతలు ఎండకు వేసుకున్న బండలు పవర్ బ్యాంక్‌కి కూడా పనికొస్తున్నాయి.

ఉబ్బినట్టు కనిపిస్తే ఇక వాడొద్దు. గుచ్చొద్దు, విప్పొద్దు, చెత్తబండిలో వేయొద్దు, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం నేల మీదే తగలబడింది. పవర్ బ్యాంక్ వల్ల అయ్యుండొచ్చని దర్యాప్తు చేసినవాళ్లు చెప్పారు. ఓర్వకల్లులో ఎక్కినా, కడపలో ఎక్కినా పవర్ బ్యాంక్ చెక్-ఇన్ లగేజీలో పెట్టనివ్వరు, చేతి బ్యాగులోనే ఉండాలి. 100 వాట్ అవర్ల వరకు మామూలుగా ఓకే. ఇందాక చెప్పిన లెక్కే, 20000 అంటే 74 వాట్ అవర్లు.

చివరిగా, కరెంటు రెండు రోజులు రాదని తెలిస్తే ఏం చేయాలి? మొబైల్ డేటా ఆపేయండి, బ్రైట్‌నెస్ తగ్గించండి, సిగ్నల్ లేనప్పుడు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. సిగ్నల్ కోసం వెతికి వెతికే ఫోన్ అలసిపోతుంది. గంటకోసారి ఆన్ చేసి చూడండి. కాల్ కలవకపోతే ఎస్ఎంఎస్ పెట్టండి, సన్నటి సిగ్నల్‌లో కూడా పోయే ఛాన్స్ ఎక్కువ. ఇంట్లో అందరి ఫోన్లూ వాడొద్దు, ఒకటి మాత్రమే ఆన్‌లో ఉంచండి. ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసిపెట్టండి. మా చిన్నమ్మకు మా అమ్మ నంబర్ నోటికి వచ్చు కాబట్టే ఎవరి ఫోన్ నుంచో చేయగలిగింది. మీలో ఎంతమందికి మీ అమ్మ నంబర్ నోటికి వచ్చు? నిజాయితీగా చెప్పండి.

ఇప్పుడు చిన్నమ్మ దగ్గర 10000 ది ఒకటి ఉంది. చిన్న నంబర్ చూసి, కాటా మీద తూచి, యాప్‌లో కొట్టి కొన్నా. మూడు నెలలకోసారి నేనే ఫోన్ చేస్తా, "చిన్నమ్మా, డబ్బాకి ఛార్జింగ్ పెట్టినావా?" అని. "పెట్టినాలే, నువ్వు తిన్నావా?" అంటుంది.

మీ ఇంట్లో ఉన్న పవర్ బ్యాంక్ ఈ వీడియో అయిపోగానే తీసి వెనకాల చిన్న అక్షరాలు చదవండి. రేటెడ్ కెపాసిటీ ఎంత ఉంది, బరువు ఎంత తూగిందో కామెంట్లో పెట్టండి, అందరికీ పనికొస్తుంది. ఊర్లో పెద్దవాళ్లకు కొనిచ్చి ఉంటే మాత్రం కామెంట్ తర్వాత, ముందు వాళ్లకు ఫోన్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త, ఎండలో తిరగొద్దు. ఉంటా మరి.