పెద్దది చేయాల్సిన ఫోటో
(సూరత్‌లో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఫోన్‌తో రోజుకు వంద ఫోటోలు తీసే కాలంలో ఈయన ఇంకా ఫిల్ము గురించి మాట్లాడతాడేమిటని మా పిల్లలే నవ్వుతుంటారు. నవ్వనివ్వండి.

మా అమ్మ పోయినప్పుడు గోడకు పెట్టడానికి సరైన ఫోటో ఒక్కటీ దొరకలేదు. చివరికి చెల్లెలి పెళ్లిలో నేనే తీసిన గ్రూపు ఫోటోలోంచి అమ్మ ముఖం పెద్దది చేయించాం. నెగటివ్ మీద ఆ ముఖం 2 మిల్లీమీటర్లు. 10 సెంటీమీటర్లకు పెంచితే 50 రెట్లు. పైగా మండపంలో వెలుతురు చాలదని 400 ఐ.ఎస్.ఓ. ఫిల్ము వేశాను. కళ్లున్న చోట బొంబాయి రవ్వ చల్లినట్టు వచ్చింది. దానికే దండ వేశాం.

ఫిల్ము మీద వెండి లవణాల రేణువులుంటాయి. రేణువు పెద్దదైతే కొద్ది వెలుతురు చాలు, కానీ పెద్ద ప్రింటులో గరుకు కనబడుతుంది. చిన్నదైతే బొమ్మ నున్నగా వస్తుంది, వెలుతురు మాత్రం ఎక్కువ కావాలి. ఇల్‌ఫర్డ్ పాన్ ఎఫ్ ప్లస్ 50 ఐ.ఎస్.ఓ. ఫిల్ము. 400 ఫిల్ముతో పోలిస్తే దానికి 8 రెట్ల వెలుతురు ఇవ్వాలి. నేతవాళ్లకు చెప్పనక్కర్లేదు, సన్న పోగు చీర మగ్గం మీద ఎక్కువ రోజులే ఉంటుంది. మా చిన్నప్పుడు ఈ ఎంపికల గొడవే లేదు. ఊటీలో తయారైన ‘ఇందు’ దొరికితే అదే మహాభాగ్యం.

ఇక్కడి లింబాయత్‌లో తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలు చాలా ఉన్నాయి కదా. అక్కడి పెద్దాయన ఒకరు మా ఖాతాదారు. ఆయన్ను మరమగ్గం దగ్గర తీద్దామని పాన్ ఎఫ్ వేసుకుని వెళ్లాను. ట్యూబులైటు వెలుతురులో పావు సెకను ఇవ్వాల్సి వచ్చింది. స్టాండు వేశాను. కానీ నేలే అదురుతుంటే స్టాండేం చేస్తుంది? రీలంతా పాడైంది. అక్కడ 400 వేయాల్సింది. కుదురుగా ఉండని పిల్లల్ని తీసేటప్పుడూ అంతే.

మళ్లీ ఆదివారం పొద్దున్నే వెళ్లి ఆయన్ను వాకిట్లో నీడపట్టున కూర్చోబెట్టాను. ఈ ఫిల్ములో నలుపు తెలుపుల తేడా గట్టిగా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం తీస్తే నుదురు సున్నం కొట్టినట్టు, కళ్లు గుంటల్లా వస్తాయి. లెన్సు 5.6 దగ్గర, సెకనులో 60వ వంతు. “కదలకు పెద్దయ్యా” అంటే ఊపిరి కూడా బిగబట్టాడు పాపం! తీశాక ఆ వారమే కడిగించాను. పాన్ ఎఫ్ రీలును తీసిన 3 నెలల్లోపు కడగమని తయారీదారులే చెబుతారు. ఆలస్యమైతే పడిన బొమ్మ పలచబడుతుంది.

ఇంత తంటా వద్దనుకునేవారు కోడక్ టీ-మ్యాక్స్ 100 వాడండి. దాని రేణువులు బిళ్లల్లా చదునుగా ఉంటాయి. అందుకే 100 వేగంలోనూ నున్నదనం పోదు. కొత్తగా మొదలుపెట్టేవారికి నా ఓటు దానికే.

10కి 12 అంగుళాల ప్రింటు పట్టుకెళ్లి ఇచ్చాను. పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. “మెడ మీద పుట్టుమచ్చ గూడ పడ్డదే సారూ!” అన్నాడు. అంత పెద్ద ఫోటో చూసి ఆయన భార్య మనసెందుకో కీడు శంకించింది. “గిప్పుడే గోడకెందుకు, బీరువల పెట్టు” అంది.

“ఎందుకే? నేనుండంగ నేను జూసుకోవద్దా?” అంటూ ఆయన మేకు వెతకడానికి లోపలికి వెళ్లాడు.